నేల అడుగున ప్రాణం



వేరే గ్రహాల మీద ప్రాణం ఉందా అని ఎవరైనా అడిగితే అందరం తల పైకెత్తి చూస్తాం. రాకెట్లు, టెలిస్కోపులు, శ్రీహరికోట గుర్తొస్తాయి. గోదావరిఖనిలోనో, మందమర్రిలోనో, శ్రీరాంపూర్‌లోనో ఉంటూ మూడు షిఫ్టుల బతుకు బతికేవాళ్ళకు అది తమకు సంబంధం లేని చదువుగా కనిపించడంలో వింతేమీ లేదు. కానీ ప్రాణం ఎలా పుట్టింది, ఎక్కడెక్కడ బతకగలదు అన్న ప్రశ్నల మీద మనిషికి ఇవాళ తెలిసినదాంట్లో పెద్ద వాటా నేల కిందినుంచి వచ్చింది. బొగ్గు బాయి దిగిన మనుషుల వెంట వచ్చింది. బొగ్గు ప్రాంతపు వాళ్ళకు ఈ శాస్త్రంలో హక్కు ఉందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

నూటపాతికేళ్ళ కిందటి ఇంగ్లండులోని ఒక బొగ్గుగనికి వెళ్దాం. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు గనుల్లో గాలి మీద పరిశోధన చేసేవాడు. పేలుడు జరిగిన గనుల్లో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది దెబ్బలతో కాకుండా కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోతున్నారని 1896లో తేల్చింది ఆయనే. ఆ విషవాయువును ముందే పసిగట్టడానికి చిన్న పక్షుల్ని, ఎలుకల్ని వెంట తీసుకెళ్ళమని చెప్పిందీ ఆయనే. ఒకరోజు తన చిన్న కొడుకుని కూడా బాయిలోకి తీసుకెళ్ళాడు. పైకప్పు దగ్గర గ్యాసు పట్టిన చోటికి పాక్కుంటూ పోయారు. వెంట ఉన్న ఒకరు సేఫ్టీ ల్యాంపును పైకెత్తితే మంట చుట్టూ నీలిరంగు కమ్మి, టప్పుమని దీపం ఆరింది. అప్పుడు తండ్రి కొడుకుని లేచి నిలబడమని, షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమని అడిగాడు. కుర్రవాడు కొన్ని పంక్తులు చెప్పేసరికి రొప్పొచ్చి, కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. కింద గాలి బాగానే ఉంది. కాసేపట్లో తేరుకున్నాడు. గని గ్యాసు గాలికన్నా తేలిక, అది పైనే ఉంటుంది, దానికది విషం కాదు అన్న పాఠం ఆ పిల్లవాడికి జీవితాంతం గుర్తుండిపోయింది.

మైనింగ్ సర్దార్లుగా, ఓవర్‌మెన్లుగా పనిచేసినవాళ్ళు ఇప్పుడు వింటుంటే, ఆ నీలిమంట వాళ్ళ కళ్ళముందు మెదులుతుంది. మంట తగ్గించి పైకప్పు వైపు ల్యాంపు ఎత్తి, నీలి టోపీ ఎంత ఎత్తు లేచిందో చూసి గ్యాసు పాళ్ళు చెప్పడం వాళ్ళు చేసిన పనే. ఆ గ్యాసు మీథేన్. గాలిలో వందకు ఐదు నుంచి పదిహేను పాళ్ళు అది ఉంటే పేలడానికి నిప్పురవ్వ చాలు.

ఆ పిల్లవాడు జె.బి.ఎస్. హాల్డేన్. పెద్దవాడై జన్యుశాస్త్రంలో ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. 1929లో ప్రాణం పుట్టుక మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. తొలినాటి భూమి మీద ఆక్సిజన్ లేదన్నాడు. నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియాల మీద సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పడితే చక్కెరల్లాంటి, ప్రోటీన్ ముక్కల్లాంటి పదార్థాలు పుడతాయన్నాడు. వాటిని తినే జీవి లేదు, వాటిని మండించే ఆక్సిజన్ లేదు. కాబట్టి అవి సముద్రంలో పేరుకుపోయి, సముద్రమంతా వేడివేడి పల్చటి చారులా అయిందని, అందులోంచే ప్రాణం మొదలైందని ఆయన ఊహ. రష్యాలో ఒపారిన్ అనే శాస్త్రజ్ఞుడు 1924లోనే ఇలాంటి ఆలోచనే ప్రచురించాడు. ఇద్దరికీ అప్పటికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. 1963లో అమెరికాలో జరిగిన సమావేశంలో ఇద్దరూ కలుసుకున్నప్పుడు, ముందు చెప్పింది ఒపారినే అని హాల్డేన్ నిండు మనసుతో ఒప్పుకున్నాడు.

గాలిలో ఏముంది, ఏం లేదు, అందులో ఏది బతుకుతుంది అని ఆలోచించే అలవాటు హాల్డేన్‌కు తండ్రితో బాయిలో తిరిగిన రోజుల్లోనే పట్టుబడిందని నేననుకుంటాను. ఆక్సిజన్ లేని చోటు ఎలా ఉంటుందో ఒంటితో తెలుసుకున్నవాడికి ఆక్సిజన్ లేని భూమిని ఊహించడం తేలికై ఉంటుంది.

హాల్డేన్ కథ మన దగ్గరికి వచ్చి ఆగింది. 1957లో ఆయన ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. మన పౌరసత్వం తీసుకున్నాడు. పంచె కట్టాడు, లాల్చీ తొడిగాడు. తరువాత భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడై, ఆ తరువాత గురువు జీవితచరిత్రలు రాశాడు. 1964 డిసెంబర్ 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరం విద్యార్థులకు పనికిరావాలని ముందే వీలునామా రాశాడు. ఆ ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు తీసుకువచ్చారు. ప్రాణం పుట్టుక మీద ఆధునిక శాస్త్రానికి దారి వేసిన ఇద్దరిలో ఒకరు తన దేహాన్ని ఇచ్చింది తెలుగునేల మీది కళాశాలకు. ఈ సంగతి మన బడిపుస్తకాల్లో ఉండాలి.

హాల్డేన్, ఒపారిన్‌ల ఊహను ప్రయోగంగా మార్చినవాడు షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే విద్యార్థి. గాజుబుడ్లలో నీళ్ళు మరిగించి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ వాయువులు నింపి, మెరుపుకు బదులు విద్యుత్ రవ్వలు రాల్చాడు. వారం రోజుల్లో నీళ్ళు రంగు మారాయి. వాటిలో అమైనో ఆమ్లాలు దొరికాయి. 1953లో ఆ ఫలితం ప్రచురితమైంది. అప్పటి భూమి మీది వాయువులు సరిగ్గా అవే కాకపోవచ్చునని తరువాత తేలింది. అయినా ముడిసరుకు పుట్టడం కష్టం కాదన్న సంగతి మాత్రం నిలిచింది. 2023 సెప్టెంబర్‌లో బెన్ను అనే గ్రహశకలం నుంచి నాసా నౌక తెచ్చిన సుమారు 120 గ్రాముల మట్టిలో, మన ఒంటి ప్రోటీన్లలో ఉండే 20 అమైనో ఆమ్లాల్లో 14 కనిపించాయి. జన్యువుల అక్షరాలైన ఐదు క్షారాలూ కనిపించాయి. ముడిసరుకు అంతరిక్షంలో కూడా ఉందన్నమాట. ఆ సరుకు తనంతట తాను రెట్టింపయ్యే ప్రాణంగా ఎలా మారింది అన్నది ఇంకా ఎవరికీ చిక్కలేదు. హాల్డేన్ ఆగిన చోటికి కాస్త ముందు మాత్రమే ఉన్నాం.

ఇక మన నేల సంగతి. రామగుండం ఎండలు తెలియనివాళ్ళు లేరు. ఇదే చోట బొగ్గుపొరల అడుక్కి పోతే తాల్చీర్ పొరలంటారు, గుండ్రటి బండరాళ్ళు మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. హిమనదాలు ఈడ్చుకొచ్చిన రాళ్ళవి. అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఒకే గోండ్వానా ఖండంగా ఉండేది. మంచు కరిగాక చిత్తడి అడవులు పెరిగాయి. సుమారు 28 కోట్ల ఏళ్ళ కిందటి ఆ అడవులే ఇవాళ్టి బొగ్గు సీములు. పైకప్పు షేలు పొరను జాగ్రత్తగా విడదీస్తే ఒక్కోసారి ఆకు అచ్చు బయటపడుతుంది. నాలుక ఆకారం, నడుమ నిట్టనిలువుగా పెద్ద ఈనె, దాని రెండు పక్కలా వలలాగా అల్లుకున్న సన్నటి ఈనెలు. గ్లోసోప్టెరిస్ ఆకు అది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా మోసిన రాళ్ళలో ఉన్నదీ ఇదే ఆకు.

అంతకన్నా పాతది కూడా మన దగ్గరుంది. పాఖాల్ పేరుతో పిలిచే రాళ్ళు ఈ గోదావరి లోయ అంచుల్లో ఉన్నాయి. వాటిలో ఒక ఇసుకరాయి పొరకు శాస్త్రజ్ఞులు రామగుండం పేరే పెట్టారు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన వయసు వాటిది. ఆ రాళ్ళలోని సున్నపురాయిలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. లోతు తక్కువ సముద్రంలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు జిగురు తెరలుగా పరుచుకుని, మట్టిరేణువుల్ని పట్టుకుని, పొరమీద పొరగా కట్టిన కట్టడాలు. చెట్టు లేదు, చేప లేదు, పురుగు లేదు. భూమి చరిత్రలో అత్యధిక కాలం ప్రాణమంటే ఇవే. మరో గ్రహం మీద ప్రాణం కోసం వెతికేవాళ్ళు ఎదురుచూస్తున్నది కూడా ఇలాంటి ఆనవాళ్ళ కోసమే. కొమ్ములూ తోకలూ ఉన్న వింతజీవుల కోసం ఎవరూ చూడటం లేదు.

మరి ఒక రాయిలో ఒకప్పుడు ప్రాణం ఉందని ఎలా గుర్తుపడతారు? ఆకు అచ్చు అన్నిచోట్లా దొరకదు. దానికి ఒక ఉపాయం ఉంది, బొగ్గు మీద అది చక్కగా పనిచేస్తుంది. కార్బన్‌లో బరువు తక్కువది, బరువు ఎక్కువది అని ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొక్క గాలిలోంచి కార్బన్ తీసుకునేటప్పుడు తేలిక రకాన్ని ఎక్కువగా తీసుకుంటుంది. అందుకే బొగ్గులో తేలిక కార్బన్ పాలు సున్నపురాయిలోకన్నా ఎక్కువ. కోట్ల ఏళ్ళు గడిచినా, ఆకు రూపం చెరిగిపోయినా, ఆ లెక్క చెరగదు. గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో ప్రాణం జాడ ఉందని వాదించేవాళ్ళకు ముఖ్య ఆధారం ఈ లెక్కే. అంగారకుడి మీద తిరుగుతున్న క్యూరియాసిటీ బండి కూడా కొన్ని రాళ్ళలో తేలిక కార్బన్ ఎక్కువ ఉన్నట్టు చూపించింది. 2022లో ఆ సంగతి ప్రచురించిన శాస్త్రజ్ఞులు ప్రాణమే కారణమని అనలేదు. ప్రాణంతో పనిలేని కారణాలను కూడా పక్కనే పెట్టి చూపించారు. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది.

మీథేన్ విషయంలో కూడా ఇదే తగవు. గని గ్యాసు రెండు దారుల్లో పుడుతుంది. బొగ్గు భూమి వేడికి మగ్గి గ్యాసు వదులుతుంది. బొగ్గును కొరికి తినే సూక్ష్మజీవుల వల్ల కూడా గ్యాసు పుడుతుంది. ఏ గ్యాసు ఎలా పుట్టిందో కార్బన్ లెక్క చూసి చాలావరకు చెప్పొచ్చు. అంగారకుడి మీద క్యూరియాసిటీకి అతి స్వల్పంగా మీథేన్ కనిపించింది. పైనుంచి తిరిగే యూరప్ నౌకకు కనిపించలేదు. మన మంగళయాన్ 2013లో బయల్దేరినప్పుడు దానిమీద మీథేన్ కోసం ఒక పరికరం ఉంది. శనిగ్రహపు ఉపగ్రహం టైటన్ మీదైతే మీథేన్ వానలు కురుస్తాయి, చెరువులు కడతాయి. అక్కడి చలికి గ్యాసు ద్రవమవుతుంది. మీథేన్ ఉన్నంతమాత్రాన ప్రాణం ఉన్నట్టు కాదని టైటన్ మనకు చెబుతోంది. ఎంత ఉంది, పక్కన ఇంకేమున్నాయి, ఎవరు పుట్టించారు అని అడగాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సూర్యరశ్మి అందని చోట ప్రాణం ఉండదని ఒకప్పుడు అందరూ అనుకునేవాళ్ళు. 1977లో పసిఫిక్ సముద్రం అడుగున వేడినీటి ఊటల దగ్గర జీవుల గుంపులు కనిపించాక ఆ మాట పోయింది. తరువాతి దెబ్బ గనుల్లో తగిలింది. దక్షిణాఫ్రికాలో మ్పొనెంగ్ బంగారు గని చాలా లోతైనది. అక్కడ 2.8 కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్ళలోంచి కారే వేడినీటిని శాస్త్రజ్ఞులు గని కార్మికుల సాయంతో పట్టుకున్నారు. అందులో దాదాపు పూర్తిగా ఒకే ఒక్క జాతి బాక్టీరియా ఉంది. దానికి ఎండ అక్కర్లేదు, ఆక్సిజన్ అక్కర్లేదు, మరో జీవి అక్కర్లేదు. రాతిలోని యురేనియం విడిచే రేడియేషన్ నీటిని చీలుస్తుంది, హైడ్రోజన్ పుడుతుంది. ఆ హైడ్రోజన్‌నూ, నీటిలోని సల్ఫేట్‌నూ వాడుకుని అది బతుకుతుంది. కావలసిన నైట్రోజన్, కార్బన్ అన్నీ తానే సమకూర్చుకుంటుంది. 2008లో దాని జన్యువులన్నీ చదివి, డెసల్ఫోరుడిస్ అని పేరు పెట్టారు.

ఆలోచించండి. నీళ్ళు, రాయి, కాస్త రేడియేషన్. ఈ మూడూ అంగారకుడి లోతుల్లో ఉండవచ్చు. శనిగ్రహపు మరో ఉపగ్రహం ఎన్సెలడస్ మంచుపెంకు కింద సముద్రం ఉంది, దాని దక్షిణ ధ్రువం దగ్గర నీటి చిమ్ములు పైకి లేస్తుంటాయి. కాసినీ నౌక ఆ చిమ్ముల గుండా దూసుకుపోయినప్పుడు వాటిలో హైడ్రోజన్ కనిపించిందని 2017లో ప్రకటించారు. ఆ వార్త చదివినప్పుడు శాస్త్రజ్ఞుల కళ్ళు మెరిశాయి. ఆ బంగారు గనిలోనిదానిలా హైడ్రోజన్ తిని బతికే ప్రాణులు భూమి మీద ఉన్నాయని అప్పటికే తెలుసు కాబట్టి అది తిండి అని గుర్తుపట్టగలిగారు.

బొగ్గుకు సంబంధించినది ఇంకొకటి. 2012లో జపాన్ తీరంలో, షిమొకిటా దగ్గర, సముద్రపు నేల కింద దాదాపు 2.5 కిలోమీటర్ల దాకా బోరు వేశారు. అక్కడ బొగ్గుపొరలున్నాయి. ఆ లోతున ప్రాణకణాలు బహు అరుదుగా, కానీ ఉన్నాయి. బొగ్గుపొరల్లో మిగతా పొరలకన్నా ఎక్కువున్నాయి. 2015లో ప్రచురించిన ఫలితాల్లో ఆశ్చర్యపరిచే మాట ఏమిటంటే, ఆ సూక్ష్మజీవులు సముద్రపు మట్టిలో ఉండేవాటికన్నా అడవి మట్టిలో ఉండేవాటినే ఎక్కువగా పోలి ఉన్నాయి. ఎప్పుడో మునిగిపోయిన అడవిని ఆ చిన్నజీవులు ఇంకా తింటూ ఉన్నాయి. మన గోదావరి బొగ్గు అంతకన్నా చాలా పాతది, ఎంతో వేడి చూసింది. ఇక్కడి సీముల్లో ఏమైనా బతుకుతుంటే అవి తరువాత నీళ్ళతో వచ్చి చేరినవి కావచ్చు. అయినా చూడదగ్గ చోటే.

ప్రాణం ఆకాశం నుంచి దిగివస్తుందా అని మన హైదరాబాద్‌లోనే పరీక్షించారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు అక్కడ బెలూన్ కేంద్రం ఉంది. ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ నాయకత్వంలో, ఇస్రో అండతో, 2005 ఏప్రిల్ 20న అక్కడినుంచి ఒక భారీ బెలూన్‌ను వదిలారు. శుద్ధి చేసి, గాలి తీసేసిన 16 ఉక్కు గొట్టాల్ని ద్రవ నియాన్‌లో ఉంచి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని వాటిలో పట్టారు. ఆ నమూనాలను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఎస్. శివాజీ, పుణెలో యోగేష్ షౌచే విడివిడిగా పరీక్షించారు. 12 బాక్టీరియా, 6 శిలీంధ్రాలు దొరికాయి. బాక్టీరియాలో తొమ్మిది మనకు తెలిసినవే. మూడు కొత్తవి. వాటికి శాస్త్రజ్ఞుడు హాయల్, ఇస్రో, ఆర్యభట్ట పేర్లు పెట్టారు. 2009లో ప్రకటించేటప్పుడే ఇవి భూమి బయటినుంచి వచ్చాయని తేల్చి చెప్పలేమని ఇస్రో అంది. తరువాతి ఏళ్ళలో ఆర్యభట్ట పేరున్న బాక్టీరియా పంటమొక్కల వేళ్ళచుట్టూ ఉండే మట్టిలో విరివిగా దొరికింది. అది ఎప్పటినుంచో తెలిసిన ఒక మట్టి బాక్టీరియా జాతే అని కొందరు 2019లో వాదించారు కూడా.

దీన్ని ఓటమి అని నేను అనను. ప్రాణం ఎండకూ చలికీ తట్టుకుని 40 కిలోమీటర్ల ఎత్తున కూడా బతికి ఉండొచ్చని ఆ ప్రయోగం సూచించింది. రెండు ప్రయోగశాలల చేత విడివిడిగా పరీక్ష చేయించిన పద్ధతి గొప్పది. ఈమధ్య కె2-18బి అనే దూరగ్రహం గాలిలో, భూమి మీద ప్రాణులు పుట్టించే ఒక వాయువు ఆనవాలు ఉండొచ్చని కేంబ్రిడ్జిలోని నిక్కు మధుసూదన్ బృందం 2025లో ప్రకటించినప్పుడు పేపర్లు గంతులేశాయి. అదే కొలతలను తిరగేసిన వేరే బృందాలు ఆ ఆనవాలు బలంగా లేదన్నాయి. అదే ఏడు సెప్టెంబర్‌లో, అంగారకుడి మీద పర్సెవరెన్స్ బండి చూసిన మచ్చల రాయి మీద వ్యాసం వచ్చింది. ఆ మచ్చల్లోని ఇనుప ఖనిజాల్లో ఒకటి, వివియనైట్, భూమి మీద కుళ్ళిన మొక్కల చిత్తడి మట్టిలో దొరుకుతుంది. ఆ రాయి ముక్క గొట్టంలో భద్రంగా ఉంది, కానీ ఇంకా అక్కడే ఉంది.

మనం ఏం చేయగలం? ఇంగ్లండు ఈశాన్య తీరంలో బౌల్బీ అనే గని ఉంది. 1.1 కిలోమీటర్ల లోతున, 25 కోట్ల ఏళ్ళ నాటి ఉప్పుపొరల మధ్య, గని నడుస్తుండగానే అక్కడ భూగర్భ ప్రయోగశాల నడుపుతున్నారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని చార్లెస్ కాకెల్ బృందం ఉప్పులో బతికే సూక్ష్మజీవుల్ని అక్కడ వెతుకుతుంది. అంగారకుడి మీదికి పంపదలచిన పరికరాల్ని కూడా అక్కడ పరీక్షిస్తారు. మన సింగరేణి బొగ్గు గనుల్లో అలాంటిది ఎందుకు రాకూడదు? ఓపెన్‌కాస్టు గనులు పెరిగి, భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలమిది. బాయిలోకి దిగే ఇంక్లైన్ మూసి పంపులు ఆపితే బాయి నీళ్ళతో నిండిపోతుంది. కొన్ని వందల మీటర్ల లోతులో, రాతిని చేత్తో తాకే చోటు మళ్ళీ దొరకదు. సీసీఎంబీ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇక్కడికి ఒక్క పూట ప్రయాణ దూరంలో ఉన్నాయి. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. పైకప్పు చూసి, శబ్దం విని, గ్యాసు పసిగట్టి ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయిన మనుషులు ఇక్కడ ప్రతి కాలనీలో ఉన్నారు. ఏ పగులులోంచి ఎప్పుడు నీరు కారిందో వాళ్ళకు తెలుసు.

గని నీళ్ళలో సూక్ష్మజీవుల్ని వెతికే పని తలపెట్టే అధ్యాపకులకు, విద్యార్థులకు ఒక మాట. సంపులో నిలిచిన నీళ్ళు తీసుకుపోవద్దు. అందులో మనుషుల చెమట, యంత్రాల నూనె, పైనుంచి దిగిన బురద అన్నీ కలిసి ఉంటాయి. అప్పుడే వేసిన బోరులోంచి, సొంత ఒత్తిడితో కారే నీటిని కాసేపు వృథాగా పోనిచ్చి, శుద్ధిచేసిన సీసాలో పైదాకా నింపి, గాలిబుడగ మిగలకుండా మూత పెట్టండి. బోరు వేసేటప్పుడు వాడిన నీళ్ళు నమూనాలో కలిశాయో లేదో తెలియడానికి ఆ డ్రిల్లింగ్ నీటిలో ముందుగానే ఒక గుర్తు పదార్థం కలపాలి. షిమొకిటాలో అలాగే చేశారు. అదే బోరు నుంచి వచ్చిన గ్యాసును వేరే సీసాలో పట్టి కార్బన్ లెక్క చూడండి. ఒకే నీటిని రెండు వేర్వేరు ప్రయోగశాలలకు పంపండి.